చెంచా దెబ్బలు

నా బల్ల మీదికి వచ్చే నాణేలన్నీ దెబ్బతిన్నవే. మంచి నాణెం మా గది గడప తొక్కదు. బ్యాంకులో చిల్లర వేరుచేసే యంత్రం తనకు నచ్చనివాటిని పక్కకి ఉమ్మేస్తుంది. అలా ఉమ్మేసినవన్నీ ఒక ఇనప ట్రేలో పోసి నాకు పంపుతారు. ఒక్కోదాన్నీ భూతద్దం కింద పెట్టి, దానికి ఆ గతి ఎలా పట్టిందో తేల్చి చెప్పడం నా ఉద్యోగం.

ఇన్నేళ్ళలో నేను చూడని అవస్థ లేదు. రైలు పట్టా మీద పెడితే రేకైపోయినవి, డబ్బా మూత ఊడదీయబోయి వంగినవి, కుర్చీ కాలి కింద ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించినవి, కుక్క మింగి రెండు రోజుల తర్వాత తిరిగిచ్చినవి. అప్పుడప్పుడూ మనుషులే స్వయంగా వస్తారు. టంకసాలలో తప్పు పడిన నాణెం లక్షలు పలుకుతుందని ఎవరో వాళ్ళ చెవిలో ఊదుతారు. జేబురుమాలులో చుట్టుకుని, పసిబిడ్డని ఆస్పత్రికి తెచ్చినట్టు తెస్తారు. నేను ఒక్క చూపు చూసి, "ఇది టంకసాల తప్పు కాదండీ, లారీ టైరు తప్పు" అంటాను. ఆ మాట అనేటప్పుడు నాకు కాస్త సరదాగా ఉంటుందన్నది నిజం. ఆఫీసులో నాకు చన్నీళ్ళ సారు అని పేరు.

నాకొక నియమం ఉంది. నాణెం ఎవరిదో, ఎక్కడ దొరికిందో నేను చూసేదాకా నాకు చెప్పొద్దంటాను. మనిషి గురించి ముందే వింటే కన్ను మన మాట వినదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ ముక్క చెప్పి చెప్పి చెవులకి చిల్లులు పొడిచాను.

మా చెల్లెలూ బావా లాండ్రీ నడుపుతారు. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి కోట్లు, చుట్టుపక్కల ఇళ్ళ బట్టలు అన్నీ అక్కడికే వస్తాయి. కౌంటరు మీద పెద్ద గాజు సీసా ఒకటి ఉంటుంది. జేబుల్లో ఏం దొరికినా, చిల్లరైనా, బొత్తామైనా, అందులో వేయాలి. బట్టలవాళ్ళు వచ్చి తమది తాము తీసుకుపోతారు. షాపు తెరిచిన రోజు నుంచీ మా చెల్లెలు పెట్టిన పద్ధతి అది. ఆ సీసా వల్లే జనం మమ్మల్ని నమ్ముతున్నారని దానికి గట్టి నమ్మకం.

వెనక గదిలో బట్టలారబెట్టే డ్రయ్యర్లు చూసుకునేది చెంచా మావయ్య. ఆయన మాకెవరికీ మావయ్య కాడు, కానీ అందరికీ మావయ్యే. యంత్రాలు తిరుగుతున్నంతసేపూ గోడవార స్టూలు మీద కూచుని, ఇనప దిమ్మ మీద సొంత నాణేన్ని నిలబెట్టి, దాని అంచు మీద చెంచా వెనకవైపుతో టక్ టక్ మని కొడుతూ ఉండేవాడు. కొట్టడం, కాస్త తిప్పడం, మళ్ళీ కొట్టడం. రోజుల తరబడి అలా కొడితే అంచు మెత్తబడి రెండు వైపులకీ మడుచుకుంటుంది. అప్పుడు నడిమి భాగం ఆకురాయితో తీసేస్తే ఉంగరం తయారు. బట్టలివ్వడానికొచ్చిన వాళ్ళ పిల్లలకి ఊరికే ఇచ్చేవాడు. మా అమ్మ వేళ్ళు వాచి బంగారపు ఉంగరం పట్టకుండా పోతే, ఆవిడ వేలికి సరిపోయేలా ఒకటి చేసిచ్చాడు. నన్ను చూస్తే చాలు, "రా అల్లుడూ, ఇవాళ ఎవరి ఆశల మీద నీళ్ళు చల్లావు?" అనేవాడు.

ముందు గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ, బండి తోలే అతను, మా చెల్లెలు, అందరికీ ఆ టక్ టక్ అలవాటే. అది వినిపిస్తే "మావయ్య వాయిస్తున్నాడు" అనుకునేవాళ్ళు.

కొన్నాళ్ళుగా సీసాలో చిల్లర పడడం తగ్గిపోయింది. జేబులో ఉంచిన నాణెం రాలేదని ఒకళ్ళిద్దరు అడిగారు. మా చెల్లెలు వాళ్ళకి సర్ది చెప్పింది. ఆ తర్వాత అడిగింది నేను. ఆఫీసు కోటు జేబులో ఒక నాణెం ఉండాలి. త్రాసు బరువు సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోవడానికి పక్కన పెట్టుకున్నది, గుర్తుకని దాని మీద నేనే సన్నని చుక్క పొడిచాను. కోటు ఉతికి వచ్చింది గానీ అది రాలేదు.

"మీ సీసాకి ఎక్కడో కన్నం పడినట్టుంది, చూసుకోండి" అన్నాను మా చెల్లెలితో.

నవ్వుతూనే అన్నాను. అది నవ్వలేదు. పరాయివాళ్ళంటే సర్దుకుంది గానీ, అన్న నోటి వెంట వచ్చేసరికి దానికి గుచ్చుకుంది.

ఆ వారమే వెనక గది కడుగుతుంటే, మావయ్య స్టూలుకి దగ్గరగా, డ్రయ్యరు కిందనుంచి గుప్పెడు నాణేలు బయటపడ్డాయి. అన్నిటికీ అంచులు లోపలికి మడుచుకుని ఉన్నాయి. చూసినవాళ్ళెవరూ నోరు విప్పక్కర్లేకపోయింది. జేబుల్లోవి తీసి ఉంగరాలు చేయబోయి, కుదరనివి అక్కడ దాచాడని ఎవరికి వాళ్ళే అనుకున్నారు.

"ఇవి నావి కాదమ్మా" అన్నాడట మావయ్య. "అల్లుణ్ణి పిలిపించు. ఆయన చూస్తే తేలిపోతుంది."

నన్ను పిలిపించమన్నది ఆయనే. ఈ సంగతి నాకు చెల్లెలు ఫోనులోనే చెప్పింది. నాణేల సంగతీ, స్టూలు సంగతీ, చెంచా సంగతీ అన్నీ ఆ ఫోనులోనే చెప్పింది. నేను ఆపలేదు. ఇంకా చెప్పమన్నాను.

వెళ్ళేసరికి అందరూ కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. ఇస్త్రీ ఆవిడ నాకు టీ అందించింది. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో నాణెం. చిన్న భూతద్దం నా చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తీశాను, కంటి దగ్గర పెట్టుకున్నాను కూడా. కానీ అప్పటికే నాకు జవాబు తెలుసు. అందరూ నా మొహం వంక చూస్తుంటే, ఆలస్యం చేయడం చేతకానితనంలా అనిపించింది.

"చెంచా దెబ్బలే" అన్నాను.

మావయ్య ఒక అడుగు ముందుకేశాడు. "సరిగ్గా చూశావా అల్లుడూ?"

"నాకు చెంచా దెబ్బలు తెలియవా మావయ్యా? ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నాననుకున్నావు?"

ఆయన వెనక గదిలోకి వెళ్ళి చెంచా, దిమ్మ సంచిలో వేసుకుని వచ్చాడు. ఆ సంచి కూడా ఒకసారి చూడమన్నట్టు బావ గొంతు సవరించుకున్నాడు. మావయ్య సంచి నోరు తెరిచి కౌంటరు మీద పెట్టాడు. వాళ్ళు చూశాక తీసుకుని వెళ్ళిపోయాడు. నాణేలు నువ్వే ఉంచుకో అన్నయ్యా, నాకు చూడబుద్ధి కావడం లేదని మా చెల్లెలు వాటిని కాగితంలో చుట్టి నాకిచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మకి కబురు అందిపోయింది.

"ఏరా, చెంచా అన్నావట."

"చెంచాయే కదమ్మా."

అమ్మ వేలికున్న ఉంగరాన్ని సబ్బు రాసి, కష్టపడి తీసింది. నా కంచం పక్కన పెట్టింది. "అయితే ఇది దొంగసొమ్మే. దొంగ చేసిన ఉంగరం నాకెందుకు, నువ్వే ఉంచుకో. నీ కళ్ళు గొప్పవి కదా, దీన్ని కూడా చూడు."

వెటకారానికన్న మాట అది. మర్నాడు ఆఫీసులో ఊరికే కూచున్నప్పుడు నిజంగానే చూశాను. పెద్ద అద్దం కింద పెట్టి దీపం వంచాను. ఉంగరం పైభాగం అంతా సన్నని పలకలు, దెబ్బ పక్కన దెబ్బ, సుత్తితో సాగగొట్టిన గిన్నె మీద ఉన్నట్టు. ఎన్నాళ్ళు వేలికి ఉన్నా అవి పూర్తిగా అరగలేదు. లోపలివైపు నాణెం అక్షరాలు నిన్న అచ్చు వేసినట్టున్నాయి. ఉండాలి కూడా. చెంచా అంచునే కొడుతుంది, ముఖాన్ని తాకదు.

పొద్దున బల్ల సొరుగులో పడేసిన కాగితం పొట్లం తీశాను.

ఆ నాణేల అంచుల మీద ఒక్క పలక లేదు. ఒడ్డున గులకరాయిలా నున్నగా, చుట్టూ ఒకే తీరుగా మడుచుకుని ఉన్నాయి. ముఖాలు రెండు వైపులా అరిగిపోయాయి. ఒక దిక్కని లేకుండా అన్ని దిక్కులకీ గీతలు. రంగు మీద వేడి తగిలిన గోధుమ ఛాయ. ఒక మనిషి చెంచా పట్టుకుని ఏడాది కూచున్నా ఇలా చేయలేడు. చేయాల్సిన అవసరమూ లేదు. మడత ఒక్కటే చెంచా పని లాగా ఉంది, మిగతాదేదీ అలా లేదు. మొదటి నెలలో చేరిన కుర్రాడైనా అద్దం నిదానంగా పెట్టి చూస్తే పట్టేస్తాడు.

నాకు సిగ్గేసింది. తప్పు చూశానని కాదు. అసలు చూడలేదని.

అప్పుడే లేచి వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. చెంచా కాదంటే మరేమిటని అడుగుతారు కదా, అది తెలుసుకున్నాకే వెళ్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. పని వంకతో సిగ్గుని దాచుకున్నాను, అంతే. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాను. ఈలోగా చెల్లెలు ఫోను చేసి, కొత్త మనిషిని పెట్టామని, మావయ్య పక్క వీధి లాండ్రీలో పని అడిగితే వాళ్ళు మా దగ్గర వాకబు చేశారని చెప్పింది.

"మీరేమన్నారు?" అన్నాను.

"ఉన్నది చెప్పాను. నువ్వు చూసి చెప్పావని కూడా చెప్పాను."

లాండ్రీల వాళ్ళకి ఒకళ్ళ మాట ఒకళ్ళకి వేదం. ఇతరుల జేబులు చేతుల్లో పడే పని అది. నా ఒక్క మాటతో ఆ మనిషికి తెలిసిన ఒకే ఒక్క పని తలుపులు మూసుకుపోయాయి. ఆ రాత్రి నేను భోంచేస్తుంటే, కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మ ఎవరితోనో అంటోంది, నాతో కాదు. నాతో ఆవిడ మాటలు తగ్గించేసింది.

కోటు ఇవ్వాలన్న సాకుతో లాండ్రీకి వెళ్ళాను. కౌంటరు దగ్గర నిలబడగానే వెనక గదిలోంచి వినిపించింది. టక్ టక్ టక్.

"మావయ్య వచ్చాడా?" అన్నాను. నా గొంతులో ఆశ నాకే వినపడింది.

"మావయ్యెందుకొస్తాడు?" అంది చెల్లెలు. బిల్లు మీద దాని చేయి ఆగిపోయింది. అది కూడా వింది. ఇన్నాళ్ళూ రోజూ వింటూనే ఉంది, అలవాటు కొద్దీ పట్టించుకోలేదు. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మా ఇద్దరి వంకా చూసింది.

వెనక గదిలో స్టూలు ఖాళీగా ఉంది. కొత్త మనిషి దుప్పట్లు మడతపెడుతున్నాడు. గోడవారనున్న పాత డ్రయ్యరు తిరుగుతోంది, టక్ టక్ మంటూ. ఆపితే ఆగింది. వేస్తే మళ్ళీ మొదలైంది.

బావ చేత ముందు పలక విప్పించాను. డ్రమ్ముకీ పలకకీ మధ్య ఉండాల్సిన మెత్తటి పట్టీ ఒకచోట అరిగిపోయి, నాణెం పట్టేంత సందు పడింది. జేబులోంచి జారిన చిల్లర ఆ సందులోకి దూరుతోంది. అక్కడ చిక్కుకుని, డ్రమ్ము తిరిగినప్పుడల్లా వేడిలో దొర్లుతూ, పడుతూ, లేస్తూ, అంచు మీద దెబ్బలు తింటోంది. బాగా నలిగి చిన్నదయ్యాక ఎప్పుడో కింద సందులోంచి నేల మీదికి రాలుతోంది. జేబుల్లోవి పోవడానికీ, అంచులు మడుచుకోవడానికీ కారణం ఒక్కటే. దాని చప్పుడు మావయ్య చెంచా చప్పుడులో కలిసిపోయింది. ఆయన వాయించకపోయి ఉంటే ఎప్పుడో పట్టుకునేవాళ్ళం. ఆయన లేకపోబట్టే ఇప్పుడు పట్టుకున్నాం.

పలక కదపగానే మూడు నాణేలు నేల మీద పడ్డాయి. ఒకదాని మీద సగం మాసిన చుక్క ఉంది. నేను పొడిచిన చుక్కే.

మా చెల్లెలు వాటిని ఏరడానికి నేల మీద కూచుంది. "మరి నువ్వు చూశావు కదా అన్నయ్యా" అంది.

"చూడలేదే. నువ్వు ఫోనులో చెప్పిందే నేను పైకి అన్నాను."

అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏరిన నాణేలు ఒక్కొక్కటే నా చేతిలో పెట్టింది.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన మావయ్య తన కూతురితో ఉంటాడు. తలుపు ఆ అమ్మాయే తీసింది. ఎప్పుడూ అన్నయ్యా అని పిలిచే పిల్ల "ఏం కావాలండీ?" అంది. గుమ్మంలోంచి పక్కకి జరగలేదు. లోపలినుంచి ఆయనే "రానీ" అన్నాడు.

మంచం మీద కూచుని ఉన్నాడు. చేతుల్లో ఏ పనీ లేదు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

"మావయ్యా, తప్పు నాది. అవి చెంచాతో కొట్టినవి కాదు. డ్రయ్యరు చేసింది."

నాణేలు ఆయన ముందు పరిచాను. వాటి వంక చూడలేదు.

"మరి ఆరోజు చూశారు కద సార్."

సార్ అన్నాడు.

"చూడలేదు. చూసినట్టు నటించాను."

"మిమ్మల్ని పిలిపించమన్నది నేనే."

"తెలుసు."

"మీరు చూస్తే తేలిపోతుందనుకున్నాను" అన్నాడు. "తేలిపోయింది."

కూతురు వంటింటి వైపు వెళ్ళాక గొంతు తగ్గించాడు. "ఊళ్ళోవాళ్ళ మాట పోనీండి. మీరు చెప్పాక అది కూడా అడిగింది సార్, నిజంగా తీశావా నాన్నా అని. దాని తప్పు లేదు. మీరంతటివారు చెప్పారు కదా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ముందు ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగించుకున్నాను. తిరిగి రమ్మని అడిగాను. పక్క వీధివాళ్ళకీ నేనే వెళ్ళి చెప్తానన్నాను.

"వస్తాను. తిండి గడవాలి కదా" అన్నాడు. "కానీ ఆరోజు అక్కడ ఎవరెవరున్నారో, వాళ్ళందరి ముందూ చెప్పండి. నేను లేనప్పుడు కాదు, ఉన్నప్పుడు."

అలాగే చెప్పాను. అదే కౌంటరు దగ్గర, అదే మనుషుల ముందు. ఉంగరం, నాణేలు పక్కపక్కన పెట్టి, అద్దం ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి చూడమన్నాను. ఇస్త్రీ ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. బావ, మావయ్య చేయి పట్టుకున్నాడు. మావయ్య కూతురు గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. ఆ తర్వాత పక్క వీధికి కూడా వెళ్ళాను. అమ్మ ఉంగరం తిరిగి వేలికి పెట్టుకుంది గానీ, నన్ను మెచ్చుకోలేదు. మెచ్చుకునేది ఏముందని?

మావయ్య మళ్ళీ అదే స్టూలు మీద కూచుంటున్నాడు. పట్టీ మార్పించారు. వెనక గదిలో ఇప్పుడు డ్రయ్యరు టక్ టక్ లేదు, చెంచా టక్ టక్ కూడా లేదు.

నిన్న సాయంత్రం కోటు కోసం వెళ్ళి, నా చుక్క నాణెం ఆయనకి చూపించాను. "సగం పని ఆ డ్రయ్యరే చేసిపెట్టింది మావయ్యా. మిగతా సగం నువ్వు చేసి నాకో ఉంగరం ఇవ్వకూడదూ?"

నవ్విద్దామనే అన్నాను. ఆయన నాణేన్ని తీసుకుని, రెండు వైపులా చూసి, నడుచుకుంటూ కౌంటరు దాకా వెళ్ళి గాజు సీసాలో వేశాడు.

"జేబులో దొరికినవి ఇందులో వేయాలి కద సార్."

అప్పటికి ఇంటికెళ్ళే వేళయింది. సంచి తీసుకుని మా చెల్లెలి ముందు నిలబడ్డాడు. సంచి నోరు తెరిచి కౌంటరు మీద పెట్టాడు. పంట్లాం జేబులు రెండూ బయటికి లాగి, తెల్లటి గుడ్డ కనిపించేలా వదిలాడు. మా చెల్లెలు తల తిప్పేసుకుంది. రోజూ అంతేనట.

"ఇదేంటి మావయ్యా, ఎవరడిగారు నిన్ను?" అన్నాను.

"ఎవరూ అడగలేదు సార్" అన్నాడు జేబులు లోపలికి తోసుకుంటూ. "ఇకముందు కూడా అడక్కుండా ఉంటారని."